పొద్దు గుంకని ఇటుకల ఆట

మా బడిలో నాకు రెండు ఉద్యోగాలు. మొదటిది మధ్యాహ్నం పిల్లలకి అన్నం వండటం. రెండోది రాత్రిని తీసుకురావటం. మొదటి ఉద్యోగం చేసే ఆడవాళ్లు ఊరూరా ఉన్నారు కనుక దాని గురించి చెప్పుకోవలసిందేమీ లేదు. రెండోది మటుకు, నాకు తెలిసినంతలో, ఈ జిల్లాలో నేనొక్కదాన్నే చేస్తున్నాను. దానికి ఉత్తర్వు ఉంది. ఉత్తర్వు మీద ముద్ర ఉంది. అందులో నన్ను 'రాత్రి నిర్వాహకురాలు' అన్నారు. అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని కనుక ఆ మాట కూడబలుక్కోవటానికి కాస్త సేపు పట్టింది గానీ, చదివాక బాగానే ఉందనిపించింది. మా ఆయన పోయాక నన్ను నలుగురూ నానా పేర్లూ పెట్టి పిలిచారు. నిర్వాహకురాలు అన్నవాళ్లు వీళ్లే.

ఈ రాత్రి ఎందుకు కావలసివచ్చిందో చెప్పాలంటే ఆట దగ్గర మొదలుపెట్టాలి.

పెద్ద దేశాల్లో పిల్లలు కంప్యూటర్లో ఒక ఆట ఆడుకుంటారట. అందులో లోకమంతా చదరపు దిమ్మలేనట. చెట్టూ దిమ్మే, ఏరూ దిమ్మే, ఆవూ దిమ్మే. ఆ దిమ్మలు తవ్వుకుని, ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, ఇళ్లూ కోటలూ కట్టుకుంటారట. మా శాఖ పెద్దలెవరో ఒక సదస్సుకి వెళ్లి, ఈ ఆట ఆడిన పిల్లలకి బుర్ర పెరుగుతుందని విని వచ్చారు. విన్న మాట వేడి చల్లారకముందే ప్రతి బడిలోనూ పిల్లలచేత ఈ ఆట ఆడించవలెనని ఉత్తర్వు వేశారు.

మా చినకుదురులంక బడిలో కంప్యూటరు లేకపోలేదు. ఉంది. దాని మీద పూలపూల గుడ్డ కప్పి ఉంటుంది. పంద్రాగస్టు నాడు గుడ్డ తీసి, బొట్టు పెట్టి, దాని పక్కన నిలబడి ఫొటో దిగి, మళ్లీ కప్పేస్తారు. మా హెడ్మాస్టరు గంగాధరం మాస్టారు ఈ సంగతే వినయంగా పైకి రాశారు. పైనుంచి రెండో ఉత్తర్వు వచ్చింది.

"సదరు ఆటను కొనుట మిక్కిలి ఖర్చుతో కూడిన పని అయినందున, దానికి దీటుగా, స్థానికముగా లభించు, చవకైన, ఆహ్లాదకరమైన ప్రత్యామ్నాయమును అన్వేషించవలెను. ఖర్చు తగ్గవలెను. ఆహ్లాదము తగ్గరాదు."

మాస్టారు ఆ కాగితాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, నా పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చున్నారు.

"రత్నమ్మా, ఆహ్లాదం తగ్గకూడదన్నారు గానీ ఎంత ఉండాలో రాయలేదు, చూశావా?"

"పోనీ పిల్లల్ని అలా బయట ఆడుకోనివ్వండి మాస్టారూ. ఏటిగట్టు నిండా బోలెడు మట్టి. గూళ్లు కట్టుకుంటారు."

"అది ఆట అవుద్ది రత్నమ్మా. వాళ్లడిగింది ప్రత్యామ్నాయం" అని ఆయన నిట్టూర్చారు.

ఆయన కూర్చున్న చోటు గురించి కూడా చెప్పాలి. దాన్ని నేను పొయ్యి దగ్గర అంటున్నాను గానీ, ఒకప్పుడు అది వంటపాక. కిందటేడు గాలివానకి పాక లేచిపోయి ఏట్లో పడింది. గుంజల మొదళ్లు మిగిలాయి. అప్పట్నుంచీ బడి వెనకాల ఆకాశం కిందే వండుతున్నాను. ఎండయితే నేను వాడిపోతాను, దానికి ఇబ్బంది లేదు. వానయితే పొయ్యి ఆరిపోతుంది. పొయ్యి ఆరిన రోజు బడిలో అన్నం లేదు. మా పిల్లల తల్లిదండ్రులు పొద్దున్నే బట్టీలకీ, కొబ్బరి ఒలుపులకీ వెళ్లిపోతారు. ఇంటికి పంపినా కుండలు బోర్లించి ఉంటాయి. అందుకని వాన పడ్డ రోజు పిల్లలు వరండాలో గోడకి ఆనుకుని, చూరునీళ్లు చేత్తో పట్టుకుని తాగుతూ కూర్చుంటారు. పాక కోసం మాస్టారు రాసినప్పుడల్లా ఒకటే జవాబు వస్తుంది: భవనముల పద్దు నందు నిధులు లేవు.

ప్రత్యామ్నాయాన్ని వెతకటానికి మాత్రం నిధులు ఉన్నాయి. ప్రత్యేకాధికారి విఠలేశ్వర్ గారు జీపు వేసుకుని వచ్చారు. ఆయన మాట్లాడినా ఉత్తర్వులాగే ఉంటుంది. దాహం వేస్తే, "మంచినీరు సరఫరా చేయవలసినదిగా కోరుచున్నాను" అంటారు. మనిషి చెడ్డవాడు కాదు. ఎప్పుడో ఒక సంతకం తప్పు పడి, అప్పట్నుంచీ భయం పట్టుకుందని జీపు డ్రైవరు చెప్పాడు.

మొదట అగ్గిపెట్టెలు తెప్పించారు. పిల్లలు కోట కట్టారు. గోదారి గాలి ఒక్క ఊపు ఊపేసరికి కోట పక్క ఊరికి పోయింది. తర్వాత సబ్బుబిళ్లలు. వాటితో కట్టిన మేడ మధ్యాహ్నానికి జారిపోయింది గానీ పిల్లలు మాత్రం చాలా శుభ్రపడ్డారు. ఆ తర్వాత బెల్లం దిమ్మలు. ఆ రోజు బడికి రాని పిల్ల లేదు. అంత శ్రద్ధగా కట్టటం నేనెప్పుడూ చూడలేదు. రాజుగారి కోట, బురుజులూ, గుమ్మాలూ అన్నీ లేచాయి. విఠలేశ్వర్ గారు ఫొటో తీయటానికి కెమెరా సర్దుకునేలోపల బురుజులు లేవు. ఫొటో దిగేటప్పటికి గుమ్మమొక్కటే మిగిలింది. దాన్ని చీమలు మోసుకుపోతున్నాయి.

"నిర్మాణమునందు ఆసక్తి అధికము, మన్నిక స్వల్పము" అని ఆయన రాసుకున్నారు.

ఆఖరికి ఏటిగట్టు మీద పొగ వస్తున్న ఇటుకల బట్టీ ఆయన కంట పడింది. జీపు ఆపించి, దిగి, ఒక ఇటుకని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారట. మర్నాటి నుంచి లారీలు రావటం మొదలుపెట్టాయి. బడి ఆవరణంతా ఇటుకల దొంతర్లు. వాటిని చూడగానే నాకు పాక గుర్తొచ్చింది. కొంగు సర్దుకుని ఆయన దగ్గరికి వెళ్లాను.

"బాబూ, ఆ ఇటుకల్లో కాసిని ఇప్పించండి. పొయ్యి చుట్టూ గోడ పెట్టుకుంటాను. వానాకాలం వచ్చేత్తంది."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మా, అవి ఇటుకలు కావు. క్రీడా ఘనాలు."

"అచ్చం ఇటుకల్లాగే ఉన్నాయండి."

"బట్టీనుండి బయలుదేరునపుడు ఇటుకలే. మా పద్దులోనికి ప్రవేశించిన క్షణమున క్రీడా ఘనాలైనవి. క్రీడా ఘనముతో గోడ కట్టిన యెడల పద్దు మారును. పద్దు మారిన యెడల నేను మారుదును."

"ఎక్కడికండి?"

"మన్యమునకు" అన్నారాయన. అంటూ తుడిచిన కళ్లజోడునే మళ్లీ తుడుచుకున్నారు. పాపం అనిపించి ఇక అడగలేదు.

ఇటుకలకి రంగులు వేశారు. పచ్చరంగు వేసినవి గడ్డి. బూడిదరంగువి రాయి. మట్టిరంగు వేసినవి మట్టి. మట్టిని కాల్చి ఇటుక చేసి, దానికి మట్టిరంగు పూసి మట్టి అనటం నాకు కొంచెం దూరపు దారిలా తోచింది గానీ, నాకెందుకని ఊరుకున్నాను. పిల్లలు పొద్దున్న పేర్చాలి. సాయంత్రం బడి వదిలేముందు అన్నీ కూల్చి, దొంతర్లు పెట్టి, మాస్టారికి అప్పజెప్పాలి. క్రీడా ఘనం ఒకటి తగ్గినా మాస్టారి జీతంలోంచి పోతుంది. అందుకని ఆయన సాయంత్రాలు ఇటుకల చుట్టూ కోడిపిల్లల్ని గూట్లో పెట్టేవాడిలా తిరిగేవారు.

ఇంతవరకూ బాగానే ఉంది. అయితే పైవాళ్లు విఠలేశ్వర్ గారిని ఒక మాట అడిగారు: మీ ప్రత్యామ్నాయము అసలు ఆటకు అన్ని విధములా సమానమేనా? సమానమేనని ఆయన బల్లగుద్ది రాసేశారు. రాశాక గానీ తను అసలు ఆటని చూడనే లేదని ఆయనకి గుర్తురాలేదు. మాస్టారూ చూడలేదు. మండలంలో ఎవరూ చూడలేదు. విచారిస్తే, చూసింది మా బడిలో అయిదో తరగతి చదువుతున్న తాయారు ఒక్కతే. మేనమామ నిద్రపోయినప్పుడల్లా ఆయన ఫోనులో ఆడేదట. దాన్ని పిలిపించి కుర్చీలో కూర్చోబెట్టారు. కాళ్లు నేలకి అందక ఊగుతున్నాయి. మాస్టారు, విఠలేశ్వర్ గారు ఎదురుగా నిలబడ్డారు.

"అమ్మాయీ, సదరు ఆటయందు ఇంకను ఏమేమి ఉండును?"

"రాత్రవుద్దండి."

"రాత్రియా? ఎప్పుడు?"

"బేగీ అయిపోద్దండి. ఓ పీరియడ్డయ్యేసరికి ఓ రాత్రి."

విఠలేశ్వర్ గారు మాస్టారి వైపు తిరిగారు. "మీ పాఠశాలలో పీరియడుకొక రాత్రి ఉన్నదా?"

"లేదండి. రోజుకొకటే. అదీ బడి వదిలాక."

"పనివేళల అనంతరము వచ్చు రాత్రిని శాఖ గుర్తించజాలదు. పనివేళలలోనే రాత్రిని కల్పించవలెను."

అలా కల్పించారు. రొయ్యల చెరువుల దగ్గర కప్పే నల్లపట్టాలు తెచ్చి, ఒకదానికొకటి కుట్టి, బడి గోడకీ కొబ్బరిచెట్లకీ మధ్య పైన చుట్టగా చుట్టి కట్టారు. గిలక బిగించారు. తాడు లాగితే పట్టా జరజరా పరుచుకుని, దాని కింద చీకటి పడిపోతుంది. వదిలితే తెల్లారుతుంది. తాడు వచ్చి ఎక్కడ వేలాడిందీ అంటే సరిగ్గా నా పొయ్యి పక్కన. దాంతో రాత్రి నా ఉద్యోగమైంది.

తాయారు చెప్పటం ఇంకా ఆపలేదు.

"రాత్రయితే భూతాలొత్తాయండి. పచ్చగా ఉంటాయండి. చచ్చిపోయినోళ్లు లేచొచ్చినట్టు ఇలా నడుత్తాయండి" అని కుర్చీ దిగి నడిచి చూపించింది.

భూతం పోస్టుకి మా బడి రాత్రి కాపలావాడు చిట్టిబాబు పేరు తీసుకున్నారు. నాకు మరిది వరస అవుతాడు. రాత్రి డ్యూటీ అనుభవం ఉన్నవాడు ఇంకెవరూ లేరు కదా. విఠలేశ్వర్ గారు అతన్ని ఎగాదిగా చూసి మాస్టారిని అడిగారు.

"ఇతడు మరణించినట్లు ధ్రువపత్రము ఉన్నదా?"

"బతికే ఉన్నాడండి."

ఆయన కలం మూత తీశారు. "అయినచో తాత్కాలిక ప్రాతిపదికపై నియమించెదము. మరణించిన పిదప క్రమబద్ధీకరించవచ్చును."

చిట్టిబాబు నా దగ్గరికొచ్చి మొత్తుకున్నాడు.

"ఏంటి వదినా ఇది? రాత్రంతా కాపలా కాసి పగలు కునుకు తీత్తాను. ఇప్పుడు పగలు కూడా రాత్రయిపోతే నేనెప్పుడు పడుకోవాలి?"

"నాకేం తెలుసయ్యా? నేను రాత్రిని తెత్తానంతే. నిద్ర నా కింద లేదు" అన్నాను.

ఫ్రిజ్జు వచ్చిన అట్టపెట్టెకి పచ్చరంగు కొట్టి, కళ్లకి కంతలు పెట్టి, అతని తలమీంచి దింపారు. మొదటి రోజు చేతులు చాపుకుని, మూలుగుతూ, చీకట్లో పిల్లల మీదికి వచ్చాడు. పిల్లలు కెవ్వుమంటారని అందరం చూశాం. ఒకడు అతని పెట్టె మీద తట్టి, "చిట్టిబాబాయ్, మీ మేక ఈనిందా?" అని అడిగాడు. భూతం ఆగి, "రాత్రి ఈనిందిరా, రెండు పిల్లలు" అంది. ఆ పూట ఆట అంతటితో ఆగిపోయింది. అందరూ మేకపిల్లల్ని చూడటానికి వెళ్లారు.

రెండో రోజు ఇంకో ముప్పు వచ్చింది. నేను పప్పు కలుపుతున్నాను. రాత్రి చేయమని ఈల వేశారు. ఉద్యోగధర్మం కదా అని గరిటె వదిలి తాడు లాగాను. రాత్రయింది. ఆ చీకట్లో గరిటె ఎక్కడుందో, నీళ్లు ఎక్కడున్నాయో నాకే తెలియలేదు. తెల్లారేసరికి పప్పు మాడి గిన్నెకి అంటుకుంది. పిల్లలు పస్తు. ఆ పూట మా బడిలోనే భోంచేద్దామనుకున్న విఠలేశ్వర్ గారు కూడా పస్తు. ఆయన తాయారుని పిలిచి, అసలు ఆటలో ఆకలి గురించి ఏమైనా ఉందా అని అడిగారు.

"ఉందండి. ఆటలో మనకి పది గుండెలుంటాయండి. ఆకలేత్తే అయి తగ్గిపోతాయండి."

"గుండెలు తగ్గునా!" అని ఆయన తన ఎడమవైపు తడుముకున్నారు. అప్పటికప్పుడు సవరణ రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి, కొబ్బరిచెట్టుకి అంటించారు: క్రీడాకారులందరి ఆకలి తీరిన పిమ్మట మాత్రమే రాత్రి చేయవలెను. ఆకలి తీరనివారు ఒక్కరున్నను రాత్రి చేయరాదు.

నాకా నియమం నచ్చింది. రోజూ వడ్డన అయ్యాక, "అందరికీ కడుపు నిండిందా?" అని అడిగేదాన్ని. నిండిందనేవాళ్లు. తాడు లాగేదాన్ని.

ఇంతలో మబ్బులు పట్టాయి. ఒకరోజు బడి మొదలైన గంటకే వాన పట్టుకుంది. పొయ్యి అంటుకోలేదు. పిల్లలు వరండాలో గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఆకలి తీరలేదు కనుక రాత్రి కూడా లేదు. ఆ పూట విఠలేశ్వర్ గారు గొడుగు వేసుకుని తనిఖీకి వచ్చారు. ఆవరణలో పిల్లలు పొద్దున్న పేర్చిన చిన్న గది తడుస్తూ నిలబడి ఉంది. మాస్టారు సాయంత్రం అవుతోందని దాన్ని కూల్చటానికి గొడుగుతో బయల్దేరారు. తాయారు ఆ గదినీ, నా తడిసిన పొయ్యినీ, మాస్టారినీ మార్చి మార్చి చూసింది. లేచి విఠలేశ్వర్ గారి ముందు నిలబడింది.

"సార్, ఆటలో మనం కట్టింది కూలగొట్టరండి. మర్నాడు చూసినా అలాగే ఉంటదండి. మళ్లీ అక్కణ్ణించే ఆడతామండి."

ఆయన చప్పున మాస్టారి వైపు తిరిగారు. రోజూ కూల్పించేసి, అన్ని విధములా సమానమని నెలనెలా రాసేశారు కదా.

"ఆపుము!" అని మాస్టారికి అరిచారు. మాస్టారు ఎత్తిన ఇటుకని అలాగే పట్టుకుని వానలో నిలబడిపోయారు. ఆ రాత్రికి, అంటే అసలు రాత్రికి, కొత్త ఉత్తర్వు తయారైంది. ఆటలో కట్టినదానిని అధికారులు గాని, సిబ్బంది గాని, ప్రజలు గాని కూల్చరాదు. ఉత్తర్వన్నాక మినహాయింపు ఉండాలి కనుక, కూల్చే అధికారం ఎవరికైనా ఉందా అని తాయారునే అడిగారు. అది గోళ్లు కొరుక్కుంటూ ఆలోచించింది.

"భూతానికుందండి. దగ్గరికొచ్చి ఢామ్మని పేలుద్దండి."

కూల్చు అధికారము భూతమునకు మాత్రమే, అదియు ఆటలోని రాత్రి యందు మాత్రమే కలదని చేర్చి ముద్ర వేశారు.

మర్నాటి నుంచి పిల్లలు కోటలు మానేశారు. అందరూ బడి వెనక్కి చేరారు. నా పొయ్యి చుట్టూ ఇటుకలు పేరుస్తున్నారు.

"ఏం కడతన్నారే?" అన్నాను తాయారుతో.

"ఇల్లమ్మమ్మా."

"ఎవరికే? నాకిల్లుందిగా."

"నీక్కాదు. పొయ్యికి."

గోడలకి సిమెంటు అడిగితే విఠలేశ్వర్ గారు అది వేరే పద్దు అన్నారు. ఆటలో మట్టి తవ్వుకోవచ్చా అని అడిగితే, ఆటలో మట్టి తప్ప ఉన్నదేమని తాయారు అంది. ఏటిగట్టు మట్టి వచ్చింది. గోడ వంకర పోతుంటే, ఆటని ఎంతమందైనా కలిసి ఆడొచ్చని అది ఇంకో సంగతి బయటపెట్టింది. సాయంత్రం పని దిగి వచ్చిన తండ్రులు, తాపీ మేస్త్రీలు, బట్టీ కూలీలు, క్రీడాకారులుగా పేర్లు రాయించుకుని గోడ ఎక్కారు. వాళ్లంత ఇష్టంగా ఆడటం చూడవలసిందే. ఆటలో చెట్లున్నాయి కనుక కొబ్బరి దూలాలు వచ్చాయి, తాటాకు వచ్చింది. కప్పు పడింది. పొగ పోవటానికి గోడలో ఒక కంత పెట్టారు. నేను లోపలికి వెళ్లి నిలబడి పైకి చూస్తే ఆకాశం కనబడలేదు. ఆకాశం కనబడకపోతే అంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు.

ఆ వారంలో వానలు కుండపోతగా పడ్డాయి. ఒక్క పూట కూడా పొయ్యి ఆరలేదు.

సంగతి పైకి పాకింది. మా ప్రత్యామ్నాయాన్ని కళ్లారా చూడటానికి డైరెక్టరు మేడమ్ గారు స్వయంగా వచ్చారు. కార్లు, దండలు, గొడుగులు. ఆమె కారు దిగిందో లేదో ఆకాశం విరిగి మీద పడింది. అందరూ గాలికి చుట్ట సడలి సగం జారిన రాత్రి పట్టా కిందికి పరిగెత్తారు. దానికి కుట్లు ఊడి చిల్లులు పడి ఉన్నాయి. ధారలు కట్టి కారింది. వరండా సంగతి చెప్పనక్కర్లేదు. ఇక మిగిలిన చోటు ఒకటే. మేడమ్ గారు, వెనక విఠలేశ్వర్ గారు, వాళ్ల వెనక పరివారం వచ్చి నా వంటింట్లో దూరారు. లోపల సాంబారు కుతకుతా ఉడుకుతోంది.

మేడమ్ గారు చుట్టూ చూశారు. "ఇదేమిటి?"

విఠలేశ్వర్ గారు కళ్లజోడు తీసి తుడవటం మొదలుపెట్టారు. వంటిల్లని అంటే పద్దు మారుతుంది. ఆయన మన్యం పోతారు. అంతకంటే ముందు గోడ పోతుంది. తాయారు నా చీర కుచ్చిళ్లు పట్టుకు లాగింది. నేను గరిటె తిప్పుతూనే అన్నాను.

"ఆటండి."

"ఈ పొయ్యి?"

"ఆటలో పొయ్యండి."

"మరి ఈ సాంబారు?"

"అదీ ఆటలోదేనండి. వేడిగా ఉంది, చూసుకుని ఆడండి" అని కంచంలో అన్నం పెట్టి, సాంబారు పోసి చేతికిచ్చాను.

ఆమె నిలబడే తిన్నారు. తిని, కళ్లు మూసుకుని, తెరిచారు.

"విఠలేశ్వర్ గారూ, అసలు ఆటని నేను విదేశాల్లో చూశాను. బొమ్మ బాగానే ఉంటుంది గానీ వాసన రాదు. మీరు వాసన కూడా సాధించారు!"

"పోపు స్థాయి వరకు సాధించితిమి మేడమ్" అన్నారు విఠలేశ్వర్ గారు.

"ఎంత వాస్తవంగా ఉంది! ఆ పొగ చూడండి, కళ్లు మండుతున్నాయి కూడా" అని ఆమె పరివారానికి చూపించారు. అందరూ కళ్లు తుడుచుకుంటూ మెచ్చుకున్నారు. వెళ్లేముందు ఇంకొంచెం ఆడారు.

మెచ్చుకున్నారు కదా, ఇక మనకి దిగుల్లేదనుకున్నాం. అయితే పెద్దలు మళ్లీ ఏదో సదస్సుకి వెళ్లారు. అక్కడ దిమ్మల ఆట సంగతి ఎవరూ ఎత్తలేదట. పిల్లలచేత రోజూ మొక్కలతో మాట్లాడిస్తే బుర్ర పెరుగుతుందని చెప్పారట. అన్ని బళ్లలోని క్రీడా ఘనాల్నీ వెంటనే జిల్లా గోదాముకి చేర్చవలెనని ఉత్తర్వు వచ్చింది. విఠలేశ్వర్ గారు లారీతో దిగారు.

ఆవరణలో మిగిలిన ఇటుకలు లారీ ఎక్కాయి. ఆ తర్వాత ఆయన వంటింటి ముందుకొచ్చి నిలబడ్డారు. అప్పుడే సన్నగా చినుకు మొదలైంది. లోపల పొయ్యి మండుతోంది. పిల్లలు కంచాలతో వరసగా కూర్చున్నారు. కూలీలు గునపాలు దించారు.

"అయ్యా, ఆగండి" అని మాస్టారు ఉత్తర్వు చూపించారు. "కూల్చే అధికారం మీకూ లేదు, వీళ్లకీ లేదండి. మీరే రాశారు."

విఠలేశ్వర్ గారు తన సంతకాన్ని తాను చూసుకున్నారు. ఒక సంతకం మీద ఇంకో సంతకం పెట్టి రద్దు చేయాలంటే పైవాళ్లు ఎందుకని అడుగుతారు. అడిగితే ఆటలో వంటిల్లు ఎలా వచ్చిందో చెప్పాలి. ఆయన ఉత్తర్వు చివరిదాకా చదివి, మినహాయింపు మీద వేలు పెట్టి, "భూతమును పిలువుడు" అన్నారు.

చిట్టిబాబు అట్టపెట్టె తగిలించుకుని వచ్చాడు. తడిసి తడిసి పెట్టె మెత్తబడి ఒక చెవి వేలాడుతోంది. చేతిలో గునపం పెట్టారు. అతను గోడ వైపూ, పిల్లల వైపూ చూసి, కంతలోంచి నాతో అన్నాడు.

"వదినా, నా చేత ఈ పాపం చేయిత్తన్నారు."

"ఇప్పుడు పగలయ్యా" అన్నాను. "నీ డ్యూటీ ఇంకా మొదలవలేదు."

విఠలేశ్వర్ గారు నా వైపు తిరిగారు. "అమ్మా, నిర్వాహకురాలా. రాత్రి చేయుము."

నేను చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, తాడు దగ్గరికి వెళ్లాను. తాడు చేత్తో పట్టుకున్నాను. ఉద్యోగం ఉద్యోగమే. నియమం కూడా నియమమే. కొబ్బరిచెట్టుకి అంటించిన కాగితం వానకి వెలిసిపోయింది గానీ ముద్ర ఇంకా తెలుస్తోంది. రోజూ అడిగినట్టే అడిగాను.

"అందరికీ కడుపు నిండిందా?"

తాయారు ఖాళీ కంచం ఎత్తింది.

"నాకింకా ఆకలేత్తందమ్మమ్మా."

తాడు వదిలేసి, వెళ్లి దానికి వడ్డించాను. అది మెల్లగా, ఒక్కో మెతుకూ ఏరుకుని తింది. మళ్లీ వచ్చి తాడు పట్టుకుని అడిగాను. ఈసారి దాని పక్కనున్న పిల్ల కంచం ఎత్తింది. ఆ తర్వాత ఆ పక్కది. చినుకు వానైంది. విఠలేశ్వర్ గారి గొడుగు ఈదరగాలికి తిరగబడింది. కూలీలు గునపాలు గోడకి ఆనించి చూరు కిందికి చేరారు. ఆయన ఒక్కరే బయట తడుస్తున్నారు.

"తమరి సంగతేంటండి? ఆటలో ఉన్నవాళ్లందరినీ అడగాలి కదా" అన్నాను.

ఆయన నోరు తెరిచారు. ఏదో ఉత్తర్వు వస్తుందనుకున్నాను. రాలేదు. వంగి, గుమ్మం దాటి లోపలికొచ్చి, పిల్లల వరసలో చివర పీట మీద కూర్చున్నారు.

"పొద్దున్నించీ ఏం తినలేదమ్మా. కొంచెం సాంబారు ఎక్కువ పొయ్యి" అన్నారు.

ఆయన మామూలుగా మాట్లాడటం మేము వినటం అదే మొదలు. చిట్టిబాబు పెట్టె తీసి పక్కన పెట్టి, తనూ ఒక కంచం పట్టుకున్నాడు.

లారీ వంటింటి ఇటుకల చోటు ఖాళీగా ఉంచుకునే వెళ్లిపోయింది. వెళ్లేముందు విఠలేశ్వర్ గారు పైకి పంపే కాగితం మీద, 'రాత్రి కానందున పని జరుగలేదు' అని రాసుకున్నారు. అందులో అబద్ధం ఏమీ లేదు. పైవాళ్లు అప్పుడప్పుడూ రాస్తూనే ఉంటారు, రాత్రి అయినదా, అయిన యెడల తెలియజేయవలెను అని. కాలేదని మాస్టారు రాస్తూనే ఉంటారు. మొక్కలతో మాట్లాడే కార్యక్రమం నడుస్తోంది కనుక ఎవరికీ దీని మీద అంత తీరిక లేదు.

తాడు పొయ్యి పక్కన అలాగే వేలాడుతోంది. నేను రోజూ వడ్డన అయ్యాక దాన్ని పట్టుకుని అడుగుతాను. పిల్లలు వంతులు వేసుకున్నారు, రోజుకొకరు ఆకలితో ఉండాలని. ఒకప్పుడు వానొస్తే ఆ వరండాలో అందరూ ఆకలితోనే ఉండేవాళ్లు. ఇప్పుడు వంతు వచ్చినవాళ్లు ఒక్కరే ఉంటున్నారు. అదీ నేను గరిటె పట్టుకుని వాళ్ల దగ్గరికి వెళ్లేదాకా.

మా బడిలో ఇంకా పొద్దు గుంకలేదు.